పైరెక్క మాస్టారి మోకాలు

ఫ్లయింగ్ క్లబ్బంటే గాల్లో ఎగిరేవాళ్ళ సంఘమని బయటివాళ్ళు అనుకుంటారు. పాపం, అనుకోనివ్వండి. లోపలికి వచ్చి చూస్తే అది కూర్చునేవాళ్ళ సంఘం. హ్యాంగర్ ముందు అరుగు, అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో సభ్యులు, సభ్యుల చేతుల్లో టీ కప్పులు. కంచెకి అవతల రన్‌వే. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు విమానం తీసుకుని పైకి వెళ్ళేవారు. అదైనా ఎందుకంటే, వాళ్ళు దిగేటప్పుడు మిగతావాళ్ళకి వంకలు పెట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా.

ఆ కుర్చీలన్నిటిలో చేతులున్నది ఒక్కటే. అది మాస్టారిది. అందులో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. గురువుగారి మీద గౌరవమని కొత్తవాళ్ళు అనుకునేవారు. మాస్టారు కూడా అలాగే అనుకోనిచ్చేవారు. అసలు సంగతేమిటంటే, చేతులు లేని కుర్చీలో కూలబడితే ఆయన మళ్ళీ లేవలేరు. కుడి మోకాలు ఓ పట్టాన వంగదు. బతిమాలి వంచితే తిరిగి సాగదు. విమానం గట్టిగా నేలకి కొట్టుకున్నప్పుడు తగిలిన దెబ్బట అని విద్యార్థులు భక్తిగా చెప్పుకునేవారు. మాస్టారు ఔననేవారు కాదు, కాదనేవారు కాదు, దూరంగా ఆకాశంలోకి చూసి ఓ నిట్టూర్పు వదిలేవారు. ఇంట్లో కర్టెన్ తగిలిస్తూ స్టూలు మీద నుంచి పడ్డారు మహానుభావుడు.

మోకాలి మాట పక్కనపెడితే, నేర్పడంలో ఆయనకి తిరుగులేదు. ఆ ఊళ్ళో విమానం నడపడం వచ్చినవాళ్ళంతా దాదాపుగా ఆయన చేతి కింద నుంచి వచ్చినవాళ్ళే. ఎవరి మీదా గొంతు లేపి ఎరగరు. విద్యార్థి ఏదైనా తప్పు చేస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ ఎర్ర పెంకుల ఇల్లు ఎవరిదై ఉంటుందంటావు?" అనేవారు. అంతే. స్టీరింగు పట్టుకున్నవాడి గుండె జారిపోయేది. వేగం చూసుకుని, ఎత్తు చూసుకుని, విమానం ముక్కు సర్దుకుని, చెమట తుడుచుకునేలోపు మాస్టారు ఆ ఇంటి సంగతి మర్చిపోయేవారు. నిజానికి ఆ చుట్టుపక్కల ఎర్ర పెంకుల ఇల్లంటూ ఒక్కటీ లేదు.

క్లబ్బుకి ఉన్నది ఒకే విమానం. నాలుగు సీట్లది, పైరెక్కది. అంటే రెక్క మనుషుల తలల పైన ఉంటుంది. రెండు వైపులా రెండు తలుపులు. కారెక్కినట్టు ఎక్కడం, కారు దిగినట్టు దిగడం. రెక్కకి దన్నుగా ఉండే ఊచ పట్టుకుని మాస్టారు ఒక ఊపు ఊగితే కాళ్ళు వాటంతటవే నేల మీద ఉండేవి. ఆ ఊపు కూడా ఓ స్టైలని కుర్రాళ్ళు అద్దం ముందు ప్రాక్టీసు చేసేవారు.

ఆ విమానం ముసలిదై, ఇక ఎగరడానికి పనికిరాదని తనిఖీవాళ్ళు తేల్చేశారు. దాన్ని ఒక పార్కులో పెట్టారు, పిల్లలు ఎక్కి తొక్కడానికి. ఆ పూటే క్లబ్బులో యుద్ధం మొదలైంది. కొత్తది కొనే స్తోమత లేదు, ఎవరో వాడిందే కొనాలి. అమ్మకానికి రెండు దొరికాయి. ఒకటి సముద్రం ఒడ్డున ఉన్న ఇంకో క్లబ్బుది, పైరెక్క. రెండోది లోపలి ప్రాంతంలో ఒక రైతు తన షెడ్డులో పెట్టుకున్నది, కిందరెక్క.

ఈ కిందరెక్క దానికి రెక్క మనుషుల కాళ్ళ కింద ఉంటుంది. తలుపు ఒక్కటే, అదీ కుడివైపే. రెక్క మీదకెక్కి, దాని మీద నడిచి, నడుం వంచి, బావిలోకి దిగినట్టు లోపలికి దిగాలి. నేర్చుకునేవాళ్ళది ఎడమ సీటు కాబట్టి ముందు వాళ్ళు దూరాలి, తలుపు పక్కన నేర్పేవాళ్ళు. బయటికొచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది. నేర్పేవాళ్ళు దిగితే తప్ప మిగతావాళ్ళకి దారి లేదు.

ఈ వివరం కమిటీలో చదువుతుండగానే మాస్టారి మోకాలికి చెమట పట్టింది. కానీ కమిటీ మీటింగులో మోకాళ్ళకి మాట్లాడే హక్కు లేదు. అందుకని మాస్టారు లేచి దాని తరఫున వాదించారు. పైరెక్క అయితే కింద నేలంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. పెట్రోలు పైనుంచి దాని బరువుకి అదే ఇంజనులోకి దిగుతుంది. కిందరెక్కలో పంపు పెట్టి తోడాలి, పైగా మధ్యమధ్యలో ఈ ట్యాంకు నుంచి ఆ ట్యాంకుకి మార్చాలి, మర్చిపోయారా అంతే సంగతులు. ఎండకి నీడ, వానకి గొడుగు. ఇలా చెప్పుకుపోతుంటే, పైరెక్క లేకపోతే మానవజాతి ఎగరడమే అనవసరం అనిపించింది వినేవాళ్ళకి.

ప్రెసిడెంటుది కిందరెక్క పక్షం. ఈయన టైర్ల షాపు యజమాని, మాస్టారి పాత శిష్యుడు. మలుపు తిరిగేటప్పుడు పైరెక్క కిందికి వాలి, మనం పోయే వైపే కళ్ళకి అడ్డం పడుతుందన్నాడు. దిగేటప్పుడు కిందరెక్క గాలిపరుపు మీద తేలినట్టు దిగుతుందన్నాడు. అవన్నీ పైకి చెప్పేవి. ఆ విమానం పక్కన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడి ఫొటో దిగితే యుద్ధవిమానం ముందు నిలబడ్డట్టు ఉంటుందన్నది లోపల దాచుకున్న కారణం. ఆయన బొజ్జ కూడా ఆ ఫొటోలో పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

దాంతో అరుగు మీద కుర్చీలు రెండు జట్లయ్యాయి. ఒక జట్టు కెటిల్లోంచి ఇంకో జట్టువాళ్ళు టీ వంచుకోవడం మానేశారు. ఎగరడానికి విమానం లేనప్పుడు ఎగిరే పద్ధతి మీద మనుషులకి ఎంత పట్టింపు పెరుగుతుందో అక్కడ చూడాలి.

మాస్టారి గుట్టు తెలిసినవాడు క్లబ్బులో ఒక్కడే. ఆయన సొంత బావమరిది, అక్కడి మెకానిక్కు. బావని ఆటపట్టించడానికే పుట్టినట్టుండేవాడు.

"బావా, ఒక మాటడుగుతా, కోప్పడకు. ఆ లెక్చరు నువ్విస్తున్నావా, నీ మోకాలిస్తోందా?"

"నీ పని నువ్వు చూసుకోరా."

"చూసుకుందామనే ఉంది. అక్కేమో నీ ఎక్స్‌రే తీసుకెళ్ళి వంటింటి కిటికీకి అంటించింది. మీ ఇంటికొచ్చి టీ తాగినప్పుడల్లా నీ ఎముకలే కనబడుతున్నాయి. బిస్కెట్టు గొంతు దిగడం లేదు బావా."

అక్క, అంటే మాస్టారి భార్య, ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగి. ఊరందరి ఎముకలూ చూసినావిడ, మొగుడి మోకాలు చూడగానే ఆపరేషన్ తప్పదని తేల్చేసింది. ఆయన ఆ బొమ్మ వైపు కన్నెత్తి చూడరని తెలిసి, తప్పించుకోలేని చోట వేలాడదీసింది. మాస్టారు మాత్రం ఆ కిటికీకి వీపు పెట్టుకుని టిఫిన్ తినడం అలవాటు చేసుకున్నారు.

"గాల్లో ఇంజను ఆగిపోతే భయపడకూడదని లోకానికంతటికీ పాఠాలు చెబుతారు" అందావిడ ఒకరోజు గిన్నెలు తుడుస్తూ. "ఆపరేషన్ అంటే మాత్రం మంచం కింద దూరతారు. అదైనా దూరగలరా అంటే, మోకాలు వంగదు."

ఈలోగా బావమరిది సముద్రం ఒడ్డుకి వెళ్ళి, అమ్మకానికున్న పైరెక్క విమానాన్ని విప్పి చూసి వచ్చాడు. వచ్చినవాడు అరుగు దగ్గరకి పోకుండా మాస్టారిని హ్యాంగర్ వెనక్కి పిలిచి, జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి చేతిలో పెట్టాడు. అందులో తెల్లటి పొడి ఉంది. రెక్కని పట్టి ఉంచే దూలాన్ని గోటితో గీకితే రాలిన పొడి అది. ఉప్పుగాలి లోపల్లోపల తినేసిన లోహం.

మాస్టారు కవరుని వెలుతురుకి పెట్టి చూశారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"కొంచెమే కదరా. గీకేసి రంగేస్తే..."

ఆ మాట ఏ శిష్యుడి నోట్లోంచి వచ్చినా మాస్టారు వాణ్ణి మళ్ళీ విమానం ముట్టుకోనిచ్చేవారు కాదు. బావమరిదికి నవ్వు రాలేదు. నవ్వు రాకపోవడం వాడి జీవితంలో అరుదు.

"బాగానే ఉందని చెప్పమంటావా బావా? నువ్వు చెప్పమంటే చెప్తా."

మాస్టారు చెప్పమనలేదు, వద్దనలేదు. కవరు మాత్రం తిరిగి వాడి జేబులోకి వెళ్ళింది.

ఆ క్లబ్బుకో కట్టుబాటు ఉంది. ఓటు వేసేవాడు ఆ రకం విమానంలో ఒకసారైనా ఎగిరి ఉండాలి, అదీ రేపు తను కూర్చోబోయే సీట్లోనే కూర్చుని. తిని చూడకుండా కూరకి వంక పెట్టకూడదని ఎప్పుడో ఒక పెద్దాయన పెట్టిన రూలు. రైతు తన కిందరెక్క విమానాన్ని స్వయంగా నడుపుకుంటూ తెచ్చి హ్యాంగర్ ముందు దింపాడు. ఎడమ సీట్లోకి పళ్ళ డాక్టరమ్మ దూరింది. ఆవిడ పాఠాలన్నీ పూర్తయ్యాయి, ఇక మొదటి సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, వెళ్ళాలి అనుకున్న వారమే పాత విమానం మూలపడింది. వెనక సీట్లోకి ప్రెసిడెంటు దూరాడు, కళ్ళద్దాలతో సహా. మిగిలింది తలుపు పక్క సీటు.

మాస్టారిని ఎక్కించడం చూడవలసిన దృశ్యం. బావమరిది కింద నుంచి తోస్తుంటే బీరువాని మేడ మీదకి ఎక్కిస్తున్నట్టే ఉంది. వెనక్కి తిరిగి, వంగి, కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని, చివరికి సీట్లో పడ్డారు. పడ్డాక ఏమీ జరగనట్టు, "గాలి ఎటునుంచి?" అని అడిగారు.

పైకి వెళ్ళాక ఒక అన్యాయం జరిగింది. ఆ విమానం ఆయనకి నచ్చేసింది. చెయ్యి ఆనిస్తే చాలు, మాట వింటోంది. మలుపులో ఆకాశమంతా విప్పి చూపిస్తోంది. దిగేటప్పుడు డాక్టరమ్మ కాస్త వేగంగా వస్తుంటే మాస్టారు ఎర్ర పెంకుల ఇంటి గురించి విచారించారు. ఆవిడ సర్దుకుంది. చక్రాలు ఎప్పుడు ఆనాయో తెలియలేదు. ఇన్నాళ్ళూ దీన్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి మాస్టారికి లోలోపల సిగ్గేసింది.

హ్యాంగర్ ముందు ఇంజను ఆపారు. అప్పుడు కాలిన వాసన వచ్చింది. వెంటనే కాళ్ళ దగ్గర నుంచి సన్నటి పొగ లేచింది. మాస్టారి చేతులు వాటంతటవే కదిలాయి. పెట్రోలు కట్టేశారు, కరెంటు కట్టేశారు, తలుపు పైగడియ, పక్కగడియ రెండూ తీశారు, తలుపు బార్లా తెరిచారు. "దిగండి" అన్నారు.

ముందు దిగాల్సింది తనే అని అప్పుడు గుర్తొచ్చింది.

కుడికాలు ముందున్న మీటర్ల పలక కింద ఇరుక్కుంది. లాగారు. మోకాలు బిగిసింది. రెండు చేతులతో పట్టుకుని లాగారు. రాలేదు.

"మాస్టారూ, దిగండి" అన్నాడు వెనకనుంచి ప్రెసిడెంటు. ఊపిరి మాస్టారి మెడ మీద తగులుతోంది.

"దిగుతున్నా."

"మాస్టారూ."

డాక్టరమ్మ బెల్టు విప్పుకుని కూర్చుంది. తోయలేదు, కేకలు వెయ్యలేదు. నోరు తెరిచిన పేషెంటుని చూసినట్టు ఆయన్నే చూస్తోంది. ఆవిడకీ బయటి గాలికీ మధ్య ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి ఆవిడ గురువు.

బావమరిది రెక్క మీదకి దూకి, బావ చంకల్లో చేతులు వేసి ఒక్క లాగు లాగాడు. మాస్టారు బస్తాలా రెక్క మీద పడ్డారు. ఆయన మీద నుంచి డాక్టరమ్మ దాటింది, తర్వాత ప్రెసిడెంటు దాటాడు. కళ్ళద్దాలు లోపలే ఉండిపోయాయి.

పొగ ఏమిటా అని చూస్తే, వేడి గొట్టం మీద కారిన నాలుగు నూనె చుక్కలు. కొత్త రబ్బరు వేస్తే పోతుందన్నాడు రైతు తాపీగా. అందరూ పెద్దగా నవ్వేశారు. టీలు వచ్చాయి. మాస్టారి కప్పులో టీ మీద మీగడ కట్టింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు లేచి గొంతు సవరించుకుని, బాగా ఆలోచించి చూస్తే మొదటినుంచీ మాస్టారు చెప్పిందే సరైనదనిపిస్తోందన్నాడు. పైరెక్కే మంచిదట. కింద నేలంతా కనిపిస్తుందట. పెట్రోలు దానంతటదే దిగుతుందట. కిందరెక్క జట్టంతా తలలూపింది. ఆ ఉదయం గురించి ఎవరూ నోరెత్తలేదు. మాస్టారి కాళ్ళ వైపు ఎవరూ చూడలేదు. ఎంత శ్రద్ధగా చూడలేదంటే, గది మొత్తంలో కనబడేది ఆ మోకాలొక్కటే అన్నట్టుంది. క్లబ్బు పుట్టినప్పటినుంచి అందరూ ఒక్క మాట మీద నిలబడ్డది ఆ రోజే. ఆ మాట అబద్ధం కావడం వేరే విషయం.

మాస్టారు చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. విమానం వస్తుంది, రెండు తలుపులు వస్తాయి, ఊచ పట్టుకుని ఊగే ఊపు వస్తుంది, సీటు తనదే అవుతుంది. గోడకి ఆనుకున్న బావమరిది పైకప్పు వైపు చూస్తున్నాడు. వాడి జేబు కొద్దిగా ఉబ్బి ఉంది.

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. సమయం పట్టింది. అందరూ ఆగారు.

"ఆ పైరెక్కది కొనకండి" అన్నారు. "దాని దూలాన్ని ఉప్పు తినేసింది. ఆ పొడి మా వాడి జేబులో ఉంది. నాకు ముందే తెలుసు. తెలిసి ఊరుకున్నాను."

బావమరిది కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"పైరెక్క గొప్పదని ఇన్నాళ్ళూ చెప్పింది నేను కాదు, నా మోకాలు. విమానం దెబ్బ కూడా కాదు, స్టూలు మీంచి పడ్డాను. పొద్దున మనం ఎగిరామే, అది మంచి విమానం. దాన్నే కొనండి. కానీ తలుపు పక్కన నన్ను కూర్చోబెట్టకండి. అది నిజం నిప్పయి ఉంటే, ఈ అమ్మాయి లోపలే ఉండిపోయేది."

"మరి నేర్పేదెవరు మాస్టారూ?" అన్నాడు ప్రెసిడెంటు. గొంతులో ఈసారి ప్రెసిడెంటు లేడు, పాత శిష్యుడే ఉన్నాడు.

"ఎవరినైనా పిలవండయ్యా. లోకంలో మాస్టార్లు లేకనా."

ఆ మాటనేసి కూర్చున్నారు. బావమరిది ముక్కు తుడుచుకున్నాడు, జలుబన్నాడు.

మీటింగు ముగిశాక డాక్టరమ్మ ఆయన పక్కనే నడిచింది, ఆయన కుంటే వేగానికి తగ్గట్టుగా.

"నా దగ్గరకొచ్చేవాళ్ళూ ఇంతే మాస్టారూ. ఒక పన్ను పాడైతే ఇంకోవైపు నములుతూ ఏళ్ళు వెళ్ళదీస్తారు. పక్కవైపే రుచిగా ఉంటుందని నాకు చెబుతారు కూడా."

"నువ్వు ఇంకెవరితోనైనా సోలోకి వెళ్ళమ్మా. నాకోసం ఆగకు."

"ఎవరొచ్చినా వాళ్ళ దగ్గర నేర్చుకుంటాను. నన్ను ఒంటరిగా ఎగరమని వదిలేసి దిగిపోయేది మాత్రం మీరే. అప్పటిదాకా ఆగుతాను. తొందరపెడుతున్నానని అనుకోకండి. తొందరే పెడుతున్నాను."

ఇంటికి వెళ్ళి మాస్టారు మొదటిసారి ఆ కిటికీకి ఎదురుగా కూర్చున్నారు. భార్య ఫోను తీసి ఆస్పత్రికి కలిపింది, ఆయన మనసు మారేలోపు.

ఆపరేషన్ బల్ల మీద ఆయన బుద్ధిగా పడుకున్నారని చెబితే నమ్మకండి. మత్తు ఇచ్చే డాక్టరుని నిలదీశారట. ఒక మందు పనిచెయ్యకపోతే రెండోది సిద్ధంగా ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు, ఆఖరుసారి ఎప్పుడు ప్రాక్టీసు చేశారు? ఆ డాక్టరు ఆయనకి ఇవ్వాల్సినదానికంటే ముందే మత్తిచ్చేశాడని మాస్టారి భార్య ఇప్పటికీ అంటుంది.

కిందరెక్క విమానం వచ్చింది. పక్క ఊరి క్లబ్బు నుంచి అరువు మాస్టారు ఒకాయన వచ్చి పాఠాలు నడిపాడు. మన మాస్టారు మొదట కర్రతో, తర్వాత కర్ర లేకుండా రోజూ హ్యాంగర్‌కి వచ్చేవారు. ఖాళీగా నిలబడ్డ విమానంలోకి ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. మోకాలు ఇప్పుడు బిగుసుకోవడం లేదు గాని, వంగమన్నంతా వంగడం లేదు. అందుకని ఆయనో పద్ధతి కనిపెట్టారు. సీట్లోనే పక్కకి తిరిగి, రెండు కాళ్ళూ కలిపి బయట పెట్టి, రెక్క మీదకి కూర్చున్నవాడు కూర్చున్నట్టే జరిగి, జారుడుబల్ల మీద పిల్లాడిలా జర్రున జారి నేల మీద నిలబడడం. బావమరిదికి ఆజ్ఞ, చెయ్యి మాత్రం ఇవ్వకూడదు.

"చెయ్యివ్వను బావా, కానీ చూడలేకపోతున్నా. పరువు పోతోంది."

"ఎవరిది?"

"నాదే. అక్కని ఇచ్చింది మేమే కదా."

అంతటితో ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతారు. తన అవస్థని పాఠంగా మార్చేశారు. తలుపు పక్కన కూర్చునే ప్రతివాడూ, కట్టేసిన విమానంలోంచి ఎవరి సాయమూ లేకుండా చటుక్కున దిగి చూపిస్తే తప్ప ఎగరడానికి లేదన్నారు. ప్రెసిడెంటు రెండు మంచి మోకాళ్ళతో వచ్చి, హుందాగా నిలబడి దిగబోయి, తలుపుకీ సీటుకీ మధ్య బొజ్జ దగ్గర ఆగిపోయాడు. మాస్టారు దూరంగా చూసి, ఆ ఎర్ర పెంకుల ఇంటికి రంగులు వేసినట్టున్నారే అన్నారు. ఆ తర్వాత అందరూ కూర్చుని జారడమే నేర్చుకున్నారు.

డాక్టరమ్మ సోలో రోజు గాలి నెమ్మదిగా ఉంది. ఇద్దరూ కలిసి కొన్నిసార్లు ఎగిరి దిగాక, రన్‌వే పక్కన గడ్డి దగ్గర మాస్టారు, "ఇక్కడ ఆపమ్మా" అన్నారు. ఇంజను చిన్నగా తిరుగుతూనే ఉంది. ఆవిడకి అర్థమైంది.

"ఏమైనా చెబుతారా?"

"నీ పక్కన బరువు తగ్గుతుంది. త్వరగా లేస్తుంది. అంతే."

గడియలు తీశారు. ఎవరి కోసమూ చూడలేదు. పక్కకి తిరిగి, కాళ్ళు కలిపి బయట పెట్టి, రెక్క మీద కూర్చున్నారు. ముందు తిరుగుతున్న ఇంజను పంకా గాలికి చొక్కా లేచి మొహం మీద కప్పుకుంది. కళ్ళు కనపడకుండానే జారారు. అరుగు మీద టీ కప్పులు పట్టుకున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు, బావమరిది మాత్రం కుర్చీ ఎక్కేశాడు. మాస్టారి పాదాలు రెండూ ఒకేసారి నేలకి ఆనాయి.

లోపల డాక్టరమ్మ ఖాళీ సీటు బెల్టు బిగించింది. ఒళ్ళంతా అటు సాచి తలుపు లాక్కుంది. పక్కగడియ వేసి, చెయ్యెత్తి పైగడియ తిప్పింది. ఒకసారి తోసి చూసుకుంది.

విమానం కదిలింది. మాస్టారు చొక్కా సర్దుకుని గడ్డిలోకి నడిచారు, కొద్దిగా కుంటుతూ, రెక్క మీద అడుగు వేసే చోట పూసిన నల్లరంగంతా ప్యాంటు వెనక అంటించుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడకుండా.